పాత కారును ఇంట చక్కదిద్దుట

ఒక వస్తువు పాతబడుట వేఱు, పాడగుట వేఱు. అమ్మమ్మల నాటి ఇత్తడి బిందె పాతదే. చింతపండుతో తోమి బోర్లించినచో నేటికిని తళతళలాడును. నిరుడు కొన్న ఇనుప బాణలి క్రొత్తదే; తడితో మూల పెట్టినచో నెల తిరుగకముందే ఎఱ్ఱబాఱును. కాలము వస్తువును పాతది మాత్రమే చేయును. దానిని పాడుచేయునవి నీరు, గాలి, ఉప్పు, ఎండ. అన్నిటికంటె మిన్నగా మన అశ్రద్ధ. పాత కారు పైరేకులను, లోపలి ఆసనములను ఇంటియొద్ద ఎట్లు చక్కదిద్దవచ్చునో ఈ పాఠమున తెలిసికొందము. విద్యార్థులు ఇందలి శాస్త్రమును గ్రహింతురు గాక! తల్లిదండ్రులు ఏ పని ఇంట చేయదగినదో, ఏది చేయరానిదో గుర్తింతురు గాక!

మన ఊరి కారు

చెన్నపట్టణమునకును మోటారు బండ్లకును గల చుట్టఱికము నేటిది కాదు. 1840లో ఇచ్చట నెలకొన్న సింప్సన్ సంస్థ మొదట గుఱ్ఱపు బండ్లను చేయుచుండెను. ఆ సంస్థలో పనిచేసిన శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో ఆవిరితో నడచు కారు నొకదానిని నిర్మించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట నగరమునకు దక్షిణమున వండలూరు చెంత స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారి కర్మాగారము వెలసినది. అందుండి 1961లో స్టాండర్డ్ హెరాల్డ్ అను చిన్న కారు బయటికి వచ్చినది. మన పెద్దలలో పలువురు దానిని ఎఱుగుదురు.

ఇంగ్లండున 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ అను పేర వెలువడిన బండికి ఇది తోబుట్టువు. దాని రూపమును దిద్దినవాడు ఇటలీ దేశీయుడగు జియోవన్నీ మికెలోట్టి. ఆ కాలమున అనేక కార్ల దేహము ఒకే పెట్టెవలె అతుకబడుచుండగా, హెరాల్డు నిర్మాణము వేఱుగా నుండెను. అడుగున ఉక్కు చట్రము. దానిపై మరమేకులతో బిగించిన వేర్వేఱు రేకు భాగములు. ముందుభాగమంతయు పెట్టెమూతవలె ముందునకు వాలును. కావున ఒక భాగమును విప్పి, బాగుచేసి, మరల బిగించుటకు వీలు కలదు. పెరటిలో పని నేర్చువారికి ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకము లేదు. అందుచేత మన పాఠమునకు ఈ బండినే ఉదాహరణముగా తీసికొందము.

నాలుగు తలుపుల హెరాల్డు మన దేశమున మాత్రమే తయారైనది. పిమ్మట 1972లో గజెల్, 1985లో స్టాండర్డ్ 2000 అను బండ్లు వచ్చినవి. 1980వ దశకము చివరకు ఆ కర్మాగారపు కార్ల తయారీ ఆగిపోయినది. కనుక ఈ బండ్లకు క్రొత్త రేకులు కావలెనన్న సులభముగా దొరకవు. పుదుప్పేట వీధులలోని పాత సామానుల అంగళ్లలో వెదకవలెను. లేదా ఉన్న రేకునే కాపాడుకొనవలెను. ఉన్నదానిని కాపాడుకొనుటకు మొదట శత్రువును ఎఱుగవలెను.

తుప్పు స్వభావము

నాలుగు గాజు సీసాలను, నాలుగు క్రొత్త ఇనుప మేకులను తెండు. మొదటి సీసాలో మేకుతోపాటు, మందుల పెట్టెలలో వచ్చు తేమ పీల్చు పొట్లమును వేసి మూత బిగింపుడు. రెండవదానిలో బాగుగ కాచి చల్లార్చిన నీరు నిండుగ పోసి, పైన కొంచెము నూనె వేయుడు. మూడవదానిలో మామూలు నీటిని సగము వఱకు, నాలుగవదానిలో అంతే ఉప్పునీటిని పోయుడు. వారము దినములు చూడుడు. మొదటి రెండు మేకులు ఇంచుమించు ఉన్నవి ఉన్నట్లే ఉండును. మూడవది తుప్పు పట్టును. నాలుగవది సాధారణముగా అంతకంటె త్వరగా పట్టును.

దీనినుండి మూడు విషయములు తేలుచున్నవి. నీరు లేనిదే తుప్పు లేదు. నీటిలో ఆమ్లజని లేనిచో తుప్పు దాదాపుగా లేదు. ఉప్పు తుప్పునకు ఊతమిచ్చును. ఏలయన, ఇనుము తుప్పు పట్టుట ఒక విద్యుద్రసాయన క్రియ. ఉప్పు కరగిన నీటిలో విద్యుత్తు సులభముగా ప్రవహించును. సముద్రపు గాలి వీచు చెన్నపట్టణమున కార్లు లోతట్టు ఊళ్లలోకంటె వేగముగా తుప్పు పట్టుటకు ఇదియే కారణము.

మఱియొక విషయము. ఇనుము తుప్పుగా మాఱినపుడు ముందటికంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచేత పైనున్న రంగు బొబ్బవలె లేచును. కంటికి కనబడు బొబ్బ చిన్నది. దాని క్రింద తుప్పు ప్రాకిన మేర పెద్దది. రాగి కిలుము కొంతవఱకు లోని లోహమును కాపాడును. ఇనుపతుప్పు అట్లుగాక పెచ్చులుగా ఊడి, లోని ఇనుమును మరల గాలికి నీటికి అప్పగించును.

అట్లయినచో ఢిల్లీ నగరమున మెహ్రౌలీలోని ఇనుపస్తంభము ఇంచుమించు 1600 ఏండ్లుగా ఎట్లు నిలిచినది? ఆ ఇనుమున భాస్వరము అధికముగా నుండుటచే ఉపరితలమున ఫాస్ఫేటు పొర యేర్పడి కాపాడుచున్నదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధనలు తెలిపినవి. నేడు కారు రేకుపై పూయు తుప్పు మందులలో పెక్కింటియందు ఫాస్ఫారిక్ ఆమ్లము ఉండును. అదియు ఇనుముపై ఫాస్ఫేటు పొరనే కల్పించును. ప్రాచీన స్తంభమును, మన పెరటిలోని కారును కాపాడు సూత్రము ఈ విధముగా ఒక్కటే.

మొదట పరీక్ష, తరువాత పని

పని మొదలిడుటకు ముందు నోటుపుస్తకము తెఱవవలెను. ప్రతి భాగమునకును విప్పకమునుపే ఛాయాచిత్రము తీయవలెను. విప్పిన మరమేకులను చిన్న సంచులలో వేసి, ఎక్కడివో చీటి వ్రాసి కట్టవలెను. విప్పుట ఒక దినపు పని. చీటి లేనిచో బిగించుట ఒక సంవత్సరపు పని. బ్యాటరీనుండి చట్రమునకు పోవు తీగను ముందుగా ఊడదీయుట మఱువరాదు.

రేకును మూడు విధముల పరీక్షింపవలెను. మొదటిది అయస్కాంతము. పలుచని గుడ్డలో చుట్టిన అయస్కాంతమును రేకుపై నడపినచో, మంచి ఇనుము ఉన్నచోట పట్టును. లప్పము మందముగా మెత్తినచోట జాఱును. రెండవది చెవి. వ్రేలితో తట్టినచో మంచి రేకు ఖంగుమనును. లప్పపు చోటు మొద్దుగా పలుకును. మూడవది మొన. అడుగుభాగమున మరచుట్టు కత్తి మొనతో నొక్కినచో మంచి లోహము నిలుచును. క్షీణించినది అప్పడమువలె విఱుగును.

హెరాల్డులో ముఖ్యముగా చూడవలసినవి తలుపుల అడుగు అంచులు, పాదములు మోపు నేలరేకులు, వెనుక సామానుల అఱ నేల, అన్నిటికంటె ముఖ్యముగా చట్రమునుండి ఇరుప్రక్కలకు చాచిన ఉక్కు చేతులు. ఆ చేతులపైననే దేహము కూర్చుండును. దేహముపై మనుష్యులు కూర్చుందురు.

ఈ పాఠమునకు ప్రాణము ఇచ్చట కలదు. పైరంగు అద్దమువలె మెఱయుచు, క్రింది చట్రము పుచ్చిన కఱ్ఱవలె నున్న కారు అందమైనది కాదు, అపాయకరమైనది. తుప్పుపై లప్పము మెత్తి రంగు వేయుట పుండుపై పట్టుబట్ట కప్పుట వంటిది. చూచువాని కన్ను మోసపోవును, తుప్పు మోసపోదు. అది రంగు చాటున తన పని తాను చేసికొనుచునే యుండును. ఆ బండిలో ప్రయాణము చేయువారు మన పిల్లలో, దానిని కొన్న యితరుల పిల్లలో అగుదురు. కావున పని కనబడు చోటినుండి గాక కనబడని చోటినుండి మొదలు కావలెను.

రేకు పని

పైపై తుప్పును తీగ కుంచెతోను, ఉప్పు కాగితముతోను తెల్లని లోహము కనబడు వఱకు గీకవలెను. సందులలో మిగిలిన కొద్ది తుప్పునకు, చేతులకు తొడుగులు ధరించి, తుప్పు మందును సీసాపై వ్రాసిన విధముగా పూయవలెను. పెచ్చులూడు తుప్పుపై మందు పనిచేయదు. రంధ్రము పడినచోట పుచ్చిన భాగమును మంచి లోహము వచ్చు వఱకు కోసివేసి, అంతే మందము గల క్రొత్త రేకు ముక్కను అతికింపవలెను. రంధ్రమును లప్పముతో మూయరాదు.

అతుకు పెట్టుట, అనగా వెల్డింగు, ఇంట నేర్చు పని కాదు, పనివానిచే చేయింపవలెను. దానికి ముందు పెట్రోలు తొట్టిని బండినుండి తీసి దూరముగా నుంచవలెను. ఖాళీ తొట్టి నిండు తొట్టికంటె ఎక్కువ అపాయకరము. నిండుదానిలో ద్రవము హెచ్చు. ఖాళీదానిలో మిగిలిన ఆవిరి గాలితో కలిసి, ఒక్క నిప్పురవ్వకే ప్రేలును.

సొట్టలు తీయుటకు వెనుకనుండి దాపుగా ఒక నున్నని ఇనుప దిమ్మను పట్టి, ఎదుటనుండి చిన్న సుత్తితో తేలికగా తట్టవలెను. సొట్ట నడుమను బలముగా కొట్టరాదు. అంచులనుండి మొదలిడి నడుమకు రావలెను. గట్టిగా కొట్టినచో రేకు సాగును. సాగిన రేకు లోపలికిని బయటికిని టపటపలాడుచుండును గాని నిలువదు. రాగి బిందెకు సొట్ట తీయువాని చేతిని గమనించినవారికి ఈ మెలకువ క్రొత్త కాదు.

రేకు చక్కబడిన పిమ్మట మిగిలిన చిన్న పల్లములకు మాత్రమే లప్పము వాడవలెను. దాని మందము 3 మిల్లీమీటర్లు మించకుండుట మంచిది. నేటి కారు లప్పము గట్టిపడు మందుతో కలిపిన కొద్ది నిమిషములలోనే బిగియును. కనుక కొంచెము కొంచెముగా కలుపుకొనవలెను. ఇది తేమను పీల్చును. అందుచేత దీనిని నీటితో గాక పొడిగానే రుద్దవలెను. మొదట 80 సంఖ్య గల కఱకు కాగితము, పిమ్మట 180, ఆపై 320. సంఖ్య పెరిగినకొలది కాగితము నునుపగును. ప్రైమరు పూసి ఆరిన తరువాత నీటితో రుద్దవచ్చును.

రంగు, ఋతువు

తెల్లని లోహమును రాత్రి గాలికి విడువరాదు. గీకిన దినముననే ప్రైమరు పూయవలెను. రంగు వేయుటకు ఋతువును చూడవలెను. మన నగరమున అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనముల కాలము. గాలిలో తేమ అధికముగా నున్నపుడు, డ్యూకో వంటి త్వరగా ఆరు రంగులు వేసినచో, ద్రావకము ఆవిరియగుచు ఉపరితలమును చల్లబఱచును. ఆ చల్లదనమునకు గాలిలోని తేమ మంచువలె చేరి, రంగు పాలివలె తెల్లబాఱును. కావున జనవరి పిమ్మటి పొడి దినములలో, ఎండ ముదురక ముందు పని చేయుట మేలు.

ఇచ్చట తల్లిదండ్రులకు రెండు హెచ్చరికలు. పాత రంగులలో సీసము ఉండవచ్చును. సీసపు ధూళి పిల్లల మెదడునకు చేటు చేయును. ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములను మించరాదని మన ప్రభుత్వము 2016లో నియమము చేయుటకు కారణము ఇదియే. పాత రంగును గీకునపుడు పిల్లలను దూరముగా నుంచవలెను; ధూళి లేవకుండ తడిపి రుద్దవలెను; ముసుగు ధరింపవలెను; రాలినదానిని కాగితముపై ఎత్తి మూటగట్టవలెను; పని బట్టలను విడిగా ఉదుకవలెను. రెండవది: గట్టిపడు మందు కలిపి పిచికారీ చేయు నేటి రంగులలో ఐసోసయనేటులు ఉండును. అవి ఉబ్బసము కలిగించును. సాధారణ ముసుగు వానిని ఆపదు. అట్టి రంగును ఇంట పిచికారీ చేయరాదు. తగిన గది, గాలి సదుపాయము గల పనిశాలకు పంపవలెను.

రంగు ఆరిన పిమ్మట తలుపుల లోపల, పెట్టెవలె మూసియుండు భాగములలో కరగు మైనమును ఎక్కింపవలెను. తలుపుల అడుగున నీరు జాఱుటకు చిన్న రంధ్రములు ఉండును. వానిని మట్టియు, రంగును మూయకుండ చూచుట ఒక పూట పని. చూడకుండుట తలుపునకే నష్టము.

లోపలి పని

ఆసనములకు క్రొత్త గవుసెనలు కుట్టింపవలెనని చాలమంది తొందరపడుదురు. క్రమము అది కాదు. ముందు నీరు లోనికి వచ్చు దారిని మూయవలెను, తరువాత నేలను చక్కబఱుపవలెను, కడపట ఆసనములు. అద్దముల చుట్టునుండు రబ్బరు ఎండి పగిలియుండును. అది మార్చనిదే లోపల ఏమి పఱచినను అడుగున తడి నిలిచి నేలరేకును తినును. నగరమును ముంచిన 2015 డిసెంబరు వరదల పిమ్మటను, 2023 డిసెంబరు మిగ్జాం తుపాను పిమ్మటను ఎందఱి కార్లో నీట నానినవి. అట్టి బండికి పైకడుగు చాలదు. ఆసనములను, తివాచీలను, వాని క్రింది మెత్తలను అన్నిటిని బయట వేసి ఎండబెట్టవలెను. తీగలను పనివానికి చూపి గాని బండిని నడపరాదు.

పాత ఆసనమున అడుగున ఉక్కు స్ప్రింగులు, వానిపై గోనెపట్ట, ఆపై కొబ్బరిపీచు లేదా స్పాంజి, పైన రెక్సిన్ ఉండును. పాత గవుసెనను చింపరాదు. కుట్లు మాత్రము విప్పి, ముక్కలకు సంఖ్యలు వేసి, వానిని కాగితముపై పఱచి అచ్చు గీసికొనవలెను. రవిక కుట్టుట తెలిసిన తల్లులకు ఇది సులభముగా బోధపడును. కుట్టు మడతకు చోటు విడిచి క్రొత్త గుడ్డను కత్తిరింపవలెను. తొడుగుటకు ముందు రెక్సిన్‌ను కొంతసేపు ఎండలో నుంచినచో మెత్తబడి ముడుతలు లేక అమరును. పొడిపొడిగా రాలు స్పాంజిని మార్చుకొనవలెను. మంచి స్ప్రింగులను తుప్పు గీకి రంగు పూసి వాడుకొనవలెను. తలుపుల లోపలి అట్టకు వెనుక ప్లాస్టిక్ పొర యొకటి ఉండును. అది చినిగినచో అట్ట నాని ఉబ్బును. ఎవ్వరికిని కనబడని ఆ పొరను మార్చుటకు ఖర్చు మిక్కిలి తక్కువ.

చట్టము మాట

బండి రంగును మార్చినచో ఆ మార్పును రిజిస్ట్రేషను పత్రమున నమోదు చేయింపవలెను. పదునైదేండ్లు దాటిన సొంత కారునకు తనిఖీ చేయించి, ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలెను. ఏబదియేండ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రప్రభుత్వము ప్రత్యేక నియమములు చేసినది. చట్రమును, దేహమును, యంత్రమును గణనీయముగా మార్చక తొలిరూపమున కాపాడిన బండికే ఆ గౌరవము. కావున ఇష్టము వచ్చినట్లు అలంకరించుటకంటె ఉన్న రూపమును నిలుపుటయే చట్టమునకును సమ్మతము.

పని మాటలు

మన పిల్లలు పుదుప్పేటలో నిలిచినచో తుప్పును ‘తురు’ అనియు, ఉప్పు కాగితమును ‘ఉప్పుత్తాళ్’ అనియు వినగలరు. సొట్టలు తీయుపనిని ఇరుభాషలవారును టింకరింగు అనియే అందురు. రెండు భాషలును తెలిసిన బాలుడు అంగడిలో బేరమాడగలడు, ఇంటికి వచ్చి అమ్మకు వివరింపగలడు. అది కొఱత కాదు, కలిమి. కాని తెలుగు పనిమాటలు మన యిండ్లలో తగ్గిపోవుచున్నవి. ఆకురాయి, దాగలి, పట్టకారు, సమ్మెట, కళాయి, మాటు అను పదములను తాతలను అడిగి తెలిసికొనుడు. వాడని పనిముట్టువలె వాడని మాటయు తుప్పు పట్టును.

కారు లేని యింటను ఈ పాఠము వృథా కాదు. ఇనుప కిటికీ చువ్వకును, సైకిలు చట్రమునకును, నీటి పంపునకును ఇదే శాస్త్రము, ఇదే క్రమము: గీకుట, పరీక్షించుట, మంచి లోహమును చేరుట, తడి దారిని మూయుట, పిమ్మటనే రంగు. రాబోవు సెలవులలో మీ యింట తుప్పు పట్టిన వస్తువు నొకదానిని పెద్దల యెదుట ఈ క్రమమున బాగుచేయుడు.

అభ్యాసము

1. మీ యింట ఎక్కువగా తుప్పు పట్టిన చోట్లు ఏవి? అచ్చటికి నీరు ఏ దారిన వచ్చుచున్నది?
2. నాలుగు సీసాల ప్రయోగమును చేసి, దినదినమును కనబడిన మార్పులను వ్రాయుడు.
3. లప్పముతో రంధ్రమును మూయుట ఏల తగదు? ఐదు వాక్యములలో తెలుపుడు.
4. కమ్మరి, వడ్రంగి, దర్జీ వాడు పనిముట్ల పేర్లను పదింటిని పెద్దలనడిగి తెలుగులోను, తమిళములోను వ్రాయుడు.